పసుపు రాసిన మెదడు

ఎనభైల చివర్లో ఆర్మూర్ పసుపు మార్కెట్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఒక చిన్న పశువుల దవాఖానకి నన్ను డాక్టరుగా వేశారు. చార్జి ఇచ్చి వెళ్ళిపోతున్న పెద్దాయన, బీరువా తాళాలు మామూలుగానే అందించాడు గానీ, ఫ్రిజ్ తాళంచెవి నా చేతిలో పెట్టేటప్పుడు మాత్రం ఆడపిల్ల పెళ్ళి చేసి పంపినవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు. పైగా, "జాగ్రత్త, ఊరందరికీ దానితోనే పని" అన్నాడు. శాస్త్రవిజ్ఞానం మీద ఊరికి ఇంత గౌరవం ఉందా అని నేను మురిసిపోయాను.

తెరిచి చూస్తే గౌరవం అర్థమైంది. పశువుల టీకా సీసాలు ఒక మూలకి ఒదిగి ఉన్నాయి. మిగతా చోటంతా ఎవరెవరివో పెరుగు గిన్నెలు, సోడాలు, శుక్రవారం కోసం తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు. ఆర్మూర్‌లో ఫ్రిజ్‌లు లేక కాదు. దుబాయ్, మస్కట్ పోయినవాళ్ళ ఇళ్ళలో మా దాని కంటే పెద్దవే ఉండేవి. అయితే అవి ముందుగదిలో, కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకుని, వచ్చినవాళ్ళు చూసిపోవడానికి ఉండేవి. వాటిని వాడితే పాడైపోవూ? చల్లబరిచే చాకిరీ అంతా సర్కారు ఫ్రిజ్‌దే.

ఆ ఫ్రిజ్‌కి ఒక రిజిస్టర్ ఉండేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలి వేడి ఎంతో చూసి రాయాలి. నా ముందున్నవాళ్ళందరూ ఎప్పుడూ నాలుగు డిగ్రీలే రాశారు. నేనూ అదే రాశాను. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి లోపల మంచు కరిగి గది గుమ్మం దాకా కాలువ కట్టిన రోజు కూడా రిజిస్టర్‌లో నాలుగు డిగ్రీలే. కాగితం మీద అంత నమ్మకమైన ఫ్రిజ్ ఈ దేశంలో ఇంకోటి ఉండి ఉండదు.

దాన్ని నమ్మని మనిషి ఒక్కడే ఉండేవాడు. మా అటెండరు. మా నాన్న కంటే పెద్దవాడు. అయినా నేను అతన్ని 'నువ్వు' అనేవాణ్ణి, అతను నన్ను 'మీరు' అనేవాడు. సర్కారు నౌకరీలో వయసు లెక్క అలా తిరగబడుతుంది. రోజూ పొద్దున తడిగుడ్డతో ఫ్రిజ్‌ని తుడుస్తూ ఒకే మాట అనేవాడు.

"గీ మిషన్ మీద నాకు యక్కీన్ లేదు సారూ. కరెంటుంటే సల్లగుంటది. లేకుంటే గా బీరువకు దీనికి ఏం ఫరక్?"

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి నవ్వేవాణ్ణి.

అసలు ఆ ఫ్రిజ్ ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. టీకాల సంగతి సరే. ఏ కుక్కో మనిషిని కరిచి చచ్చిపోతే, దానికి పిచ్చి ఉందో లేదో చెప్పగలిగింది దాని మెదడు ఒక్కటే. మెదడు తీసి, చల్లగా ఉంచి హైదరాబాద్ ప్రయోగశాలకు పంపాలి. అక్కడ సూక్ష్మదర్శిని కింద చూసి చెబుతారు. ఎండకి మెదడు గంటల్లో జావ అయిపోతుంది, జావలో ఏమీ కనబడదు. మంచు దొరకని చోట గ్లిజరిన్‌లో వేసి పంపవచ్చు. మా దవాఖానకి గ్లిజరిన్ సీసా కూడా ఇచ్చారు. చలికాలంలో సిబ్బంది పెదవులు పగలకుండా అది తన బాధ్యత తాను నెరవేర్చి, నేను వచ్చిన మొదటి చలికాలానికే ఖాళీ అయింది. ఆ పెదవుల్లో నావి కూడా ఉన్నాయని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజులవి. ఒక పొద్దున అటెండరు భుజం మీద గోనెసంచి వేసుకుని పరుగున వచ్చాడు. సంచిలో చచ్చిన కుక్క. అతని కూతురు అరుగు మీద కూర్చుని బీడీలు చేస్తుంటే, దారినపోయే కుక్క వచ్చి పిక్క పట్టుకుని ఊడబెరికింది. కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. అల్లుడు మస్కట్‌లో ఉన్నాడు.

ఆ కుక్కని కట్టేసి పది రోజులు గమనిస్తే సంగతి దానంతట అదే తేలిపోయేది. బతికుంటే పిచ్చి లేదన్నమాట. కానీ మన జనానికి అంత ఓపిక ఎక్కడిది? వాడకట్టు వాళ్ళంతా కర్రలు పట్టుకుని కుక్క మీద పడి అయిదు నిమిషాల్లో సాక్ష్యం లేకుండా చేశారు. ఆ గుంపులో బుర్ర పనిచేసినవాడు మా అటెండరు ఒక్కడే.

"తల మీద కొట్టకుండ్రి, తల మీద కొట్టకుండ్రని మొత్తుకున్న సారూ," అన్నాడు రొప్పుతూ. "తల సాబూత్ ఉన్నది, చూడుండ్రి."

నిజంగానే తల చెక్కుచెదరలేదు. సొంత బిడ్డ కాలి నుంచి రక్తం కారుతుంటే ప్రయోగశాలకు ఏం కావాలో గుర్తుపెట్టుకున్న మనిషి అతను. ఈ ముక్క నేను తర్వాత రాసిన కాగితంలో ఎక్కడా లేదు.

బిడ్డను మనుషుల దవాఖానకి తీసుకుపోయారు. అప్పట్లో కుక్కకాటుకి మందు అంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. ఏడో నెల కడుపు మీద సూది అనగానే ఆ పిల్ల కొంగు బిగించి పట్టుకుని కూర్చుంది. సూది చర్మం కిందికే పోతుంది, బిడ్డ దాకా పోదు అని డాక్టరు చెప్పింది, నర్సు చెప్పింది, నేను కూడా వెళ్ళి నా పశువైద్య పాండిత్యమంతా ఉపయోగించి చెప్పాను. అంతా విని ఆమె ఒకే మాట అంది.

"నాలుగైదు ఏసుకుంట సారూ. గా కుక్క పిచ్చిది కాదని కాయితం వస్తే బంద్ చేస్త. పిచ్చిదంటే మొత్తం ఏసుకుంట. జల్ది తెప్పియ్యుండ్రి."

అంటే ఇంకెన్ని సూదులు పొడిపించుకోవాలి అన్నది మా ఫ్రిజ్ మీద ఆధారపడింది.

నేను రంపం, ఉలి పట్టుకుని పుర్రె కోసి మెదడు తీశాను. బాగా వచ్చింది. గాజు జాడీలో పెట్టాను. అంతలో బాల్కొండ నుంచి జీపు వచ్చింది. పై అధికారి తనిఖీకి వచ్చి ఉన్నారు, వెంటనే రమ్మన్నారు. అధికారి కంటే కుక్క మెదడు ముఖ్యమని అనుకునే వయసు కాదు నాది. జాడీ అటెండరు చేతికి ఇచ్చి, చొక్కా మార్చుకుంటూ చెప్పాను.

"రేపు పొద్దుటి బస్సుకు నువ్వే తీసుకుపోవాలె. అప్పటిదాకా చెడిపోకుండా జాగ్రత్తగా చూడు."

"ఎట్ల సారూ?" అని అడిగాడు.

"ఎట్ల ఏంది? ఇన్నేండ్ల నౌకరీ చేసినవ్, తెల్వదా?" అని జీపెక్కాను.

బాల్కొండలో పై అధికారి నేను వెంట తీసుకెళ్ళిన మా ఫ్రిజ్ రిజిస్టర్ చూసి, ఎప్పుడూ నాలుగు డిగ్రీలు ఉన్నందుకు నన్ను మెచ్చుకున్నారు. పొద్దుగూకినాక తిరిగొచ్చి ఇంటికి వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే దవాఖానకి వెళ్ళేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. దవాఖానకి ఇచ్చిన చల్లపెట్టె మూత ఎప్పుడో పోయింది కాబట్టి, పక్కవాడలో దుబాయ్ ఆయన ఇంటి నుంచి ప్లాస్టిక్ నీళ్ళ కూలరు అడిగి తెచ్చాడు అటెండరు. ఎందుకో చెప్పకుండా తెచ్చాడు, అదొక తెలివి. ఐస్‌ఫ్రూట్ ఫ్యాక్టరీ నుంచి మంచు దిమ్మ తెచ్చి, పగలగొట్టి నింపి, దాని మధ్యన గుడ్డ చుట్టిన జాడీ దిగేశాడు. నేను గుడ్డ విప్పి చూడలేదు. మూత మీద లక్క పోసి, ముద్ర వేసి, 'నేను స్వయంగా పరిశీలించాను, నమూనా చల్లగా, మంచి స్థితిలో ఉంది' అని రాసి సంతకం పెట్టాను. చదువుకున్నవాడి సంతకం, చూడకుండానే పెట్టవచ్చు.

బస్సులో కూలరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. పైన వేస్తానని కండక్టరు లాగబోతే ఇవ్వలేదట. ఇందులో ఏముందని కండక్టరు అడిగాడు. అబద్ధం చెప్పడం ఇష్టంలేక, "మెదడు" అన్నాడు. ఎవరిదని అడిగితే, "పిచ్చికుక్కది" అన్నాడు. ఆ తర్వాత హైదరాబాద్ దాకా ముగ్గురు కూర్చునే సీటులో అతనొక్కడే రాజాలా కూర్చుని వెళ్ళాడు.

అయిదో సూది పడ్డ రోజు జవాబు వచ్చింది. మా దవాఖానకి ఫోను లేదు. పక్కన ఎరువుల దుకాణానికి ట్రంకాల్ వస్తే పరుగెత్తాను. అవతలి నుంచి ప్రయోగశాల ఆయన నవ్వుతున్నాడు.

"డాక్టరు గారూ, మెదడు పంపారా, పులిహోర పంపారా? దాని నిండా పసుపు. పరీక్షకి అతినీలలోహిత దీపం కింద పెడితే, ఆ వెలుగుకి పసుపే మెరిసి స్లయిడు మొత్తం ధగధగలాడిపోతోంది. పిచ్చి ఉంటే ఒకటీ అరా చుక్కలు మెరవాలి. ఇది మొత్తం మెరుస్తుంటే మేమేం చెప్పేది? నమూనా పనికిరాదు అని రాసి పంపుతున్నాం." పెట్టేయబోతూ ఇంకో మాట అన్నాడు. "కుళ్ళలేదు మాత్రం. అదొక్కటే వింత."

దుకాణంలో ఉన్న రైతులంతా నా మొహమే చూస్తున్నారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. నాకూ ఆ పిల్ల సూదుల కంటే ఆయన నవ్వే ఎక్కువ మండింది. దవాఖాన వాకిట్లో, పది మంది రైతులు, వాళ్ళ బర్రెలు చూస్తుండగా అటెండరుని నిలబెట్టాను.

"మెదడు మీద పసుపు ఎవరేసిండ్రు?"

"నేనే సారూ," అన్నాడు. గొంతులో జంకు లేదు. పైగా కొంచెం గర్వం ఉంది.

"ఎందుకేసినవ్?"

"మీరే చెప్తిరి గద, చెడిపోకుంట చూడుమని. మీరు జీపెక్కంగనే కరెంటు పాయె. గా మిషన్ మీద నాకు యక్కీన్ లేకపాయె. మాంసం ఎండబెట్టేటప్పుడు పసుపు రాస్తం, పురుగు పట్టది. దెబ్బ తాకితె పసుపు పెడ్తం, చీము పట్టది. మంచిగ నాలుగు దిక్కుల పట్టిచ్చిన సారూ." ఒక అడుగు ముందుకొచ్చి, "మార్కెట్ పసుపు కాదు. మా బిడ్డ బాలింతయితదని ఇంట్ల దంచి దాసిన పసుపు," అన్నాడు.

అక్కడితో ఏ మనిషైనా నోరు మూసుకుంటాడు. నేను మూసుకోలేదు. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది" దగ్గర మొదలుపెట్టి, మార్కెట్ కాంటాల దాకా వినబడేలా తిట్టాను. అతను తలవంచుకుని విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"అయితె గిప్పుడు గా కుక్క పిచ్చిదా, కాదా సారూ?"

"తెల్వది."

"ఎన్నడు తెలుస్తది?"

"ఎన్నటికీ తెల్వది. పసుపేసినవ్ గద!"

నేను లోపలికి పోయి కుర్చీలో కూర్చుని, నిఘంటువు ముందు పెట్టుకుని, మంచి ఇంగ్లీషులో మెమో రాయడం మొదలుపెట్టాను. ప్రభుత్వ నమూనాకు పై అధికారి అనుమతి లేకుండా పసుపు పూసినందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. పై అధికారి అనుమతితో పసుపు పూయవచ్చా అన్న అనుమానం నాకు అప్పుడు రాలేదు. ఎలా చల్లగా ఉంచాలో నేను చెప్పలేదన్న సంగతి, గుడ్డ విప్పి చూడకుండా సంతకం పెట్టిన సంగతి మెమోలో పట్టలేదు. స్థలాభావం.

రాస్తుండగా అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. క్షమాపణకి వచ్చాడనుకున్నాను.

"సారూ, మీరు జర మా ఇంటికి రావాలె. కుక్క పిచ్చిదే అని కాయితం వచ్చిందని మా బిడ్డకు చెప్పాలె."

"అబద్ధం చెప్పమంటున్నవా?"

"తెల్వదంటె ఆమె బంద్ చేస్తది. కాదేమో తీయ్ అనుకుంటది. రేపు ఏమన్నయితె? పిచ్చిదంటె మిగిలిన తొమ్మిది ఏసుకుంటది. కాకున్నా పాయె, తొమ్మిది పోట్లే గద." చేతులు నలుపుకున్నాడు. "నేను చెప్తె నమ్మది. నా మొకం చూసి పట్టేస్తది. మీరు సదువుకున్నోళ్ళు, మీరు చెప్తె నమ్ముతది."

నమూనా పాడైతే కుక్కకి పిచ్చి ఉన్నట్టే లెక్క కట్టి మందు పూర్తిగా ఇవ్వాలి. ఈ వాక్యం మా పాఠ్యపుస్తకంలో ఉంది. నేను దాన్ని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ పూట ఆ పుస్తకం తెరవని మనిషికి అది తట్టింది, నాకు తట్టలేదు. నేను ఇంగ్లీషులో 'నిర్లక్ష్యం' అన్న మాటకి స్పెల్లింగు వెతుకుతున్నాను.

వెళ్ళాను. ఆ పిల్ల అరుగు మీద, కడుపుకి అడ్డం రాకుండా చాట మోకాళ్ళ మీదికి జరుపుకుని బీడీలు చేస్తోంది. తండ్రి గోడ పక్కన నిలబడి చూరు లెక్కపెడుతున్నాడు. నేను గొంతు సవరించుకుని, అధికారిక ధోరణిలో చెప్పాను.

"కాయితం వచ్చిందమ్మా. పిచ్చికుక్కే. మిగతా సూదులన్నీ తప్పకుండా వేయించుకోవాలె."

ఆమె నన్ను చూసింది. తర్వాత తండ్రిని చూసింది. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టింది.

"మంచిది సారూ. ఏసుకుంట," అంది.

ఇంతేనా! వాదిస్తుందనుకున్న పిల్ల ఒక్క మాటకి ఒప్పుకుంది. నా మాటకి అంత బరువు ఉందని తెలిసి దారంతా కొంచెం ఛాతీ విరుచుకునే నడిచాను.

మిగతా తొమ్మిది రోజులూ అతను బిడ్డను నడిపించుకుని మనుషుల దవాఖానకి తీసుకుపోయి, సూది అయ్యాక ఇంట్లో దింపి డ్యూటీకి వచ్చేవాడు. అరగంట ఆలస్యమయ్యేది. హాజరు పట్టీలో ఆ తొమ్మిది రోజులూ ఎర్రసిరాతో గుర్తు పెట్టింది నేనే. రూలు రూలే కదా.

మెమోకి సంజాయిషీ ఇవ్వాలి. అతనికి ఇంగ్లీషు రాదు. మా దవాఖానలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి ఆరోపణ రాసిన చేతితోనే సంజాయిషీ కూడా రాయడానికి కూర్చుని, ఏం రాయమంటావని అడిగాను.

"చెడిపోవద్దని పసుపేసిన, చెడిపోలేదు అని రాయుండ్రి. హైదరాబాదుల మూత తీసినప్పుడు పక్కకే ఉన్న సారూ. ఇంత కూడ వాసన రాలే."

అలాగే రాశాను. చదువుకుంటే బాగానే ఉంది. తర్వాత అదే కలంతో, దాని కిందనే, 'సంజాయిషీ సంతృప్తికరంగా లేదు, మందలించడమైనది' అని రాసి అతని సర్వీసు పుస్తకంలో అంటించాను. అతను వేలిముద్ర వేసి, వేలు తలకి తుడుచుకుని, ఫ్రిజ్ తుడవడానికి వెళ్ళిపోయాడు.

పురుడు సుఖంగా జరిగింది. ఆడపిల్ల. వానలు పడి తెరిపిచ్చిన ఒక పూట ఆ తల్లి పసిదాన్ని ఎత్తుకుని దవాఖానకి వచ్చింది. తండ్రి టపా తీసుకుని భీమ్‌గల్ వెళ్ళాడని చెప్పాను.

"ఎరుకే సారూ. ఆయన లేనప్పుడే వచ్చిన. గా ఫ్రిజ్ ఒకపారి చూపెట్టుండ్రి. దాని కోసమే గద మా బాపు గన్ని తిట్లు తిన్నడు."

"తిట్లా? నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పాలె? మీరు తిట్టంగ ఇన్నోళ్ళు మా వాడకట్టుల నలుగురున్నరు. మీరు అరుగు కాడికొచ్చేటాల్లకే నాకు తెల్సు, పసుపేసి ఖరాబ్ చేసిండని. నాకు చెప్పకుంట డబ్బలకెల్లి తీస్కపోయిండు. డబ్బ ఖాళీ ఉంటె ఎరుకగాదా?"

"మరి పిచ్చిదో కాదో తెల్వదని తెలిసి... ఎందుకు ఏసుకున్నవమ్మా తొమ్మిది?"

ఆమె పసిదాన్ని ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"నేను బంద్ చేస్తె, మా బాపు జిందగంత భయపడుకుంట నా మొకమే చూస్తుండె సారూ. నేను నీళ్ళు తాగినప్పుడల్ల చూస్తుండె. నా పసుపు పాడుగాను అని కుములుతుండె. తొమ్మిది పోట్లకు ఆయనకు నిద్ర పట్టింది. మీరు చెప్పకుండ్రి, నాకు ఎరుకని."

నాకు సిగ్గేసింది. అలంకారం కోసం అనడం లేదు. ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని తండ్రీ బిడ్డా ఆడిన ఆటలో, నిజం నా ఒక్కడి గుప్పిట్లో ఉందనుకుని తిరిగినవాణ్ణి నేను. కుర్చీలోంచి లేచి, తాళం తీసి, ఫ్రిజ్ తలుపు తెరిచాను.

ఆ రోజు అందులో రెండు పెరుగు గిన్నెలు, మూడు సోడాలు, ఒక మల్లెపూల పొట్లం ఉన్నాయి. సోడాల్లో ఒకటి నాది. కరెంటు లేదు. తలుపుకి వేలాడుతున్న రిజిస్టర్‌లో ఆ పొద్దుటి అంకె, నా చేతి రాత, నాలుగు డిగ్రీలు.

ఆమె వంగి లోపలికి చూసింది. చెయ్యి పెట్టి చూసింది. కొంగు ముడి విప్పి చిన్న పొట్లం తీసి నా బల్ల మీద పెట్టింది. కాగితం పక్కల నుంచి పసుపు రాలుతోంది.

"బాలింత పసుపు మల్ల దంచిన సారూ. మీ ఇంటికి తీస్కపోండ్రి," అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "దాన్ని గా మిషన్ల పెట్టకుండ్రి. బయటనే ఉండనియ్యుండ్రి. ఖరాబ్ కాదు."